తంగేడు పేరుతో మీరు పంపిన గింజల గురించి

అజిత్ సింగ్ నగర్, విజయవాడ
8 డిసెంబరు 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ ‘మన ఊరి విత్తనాలు’ కిట్‌లో తంగేడు బదులు వేరే మొక్క గింజలు రావడం, విత్తనం ఎక్కడిదో తప్పుగా రాయడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

ఈ జూన్‌లో 649 రూపాయలు పెట్టి మీ కిట్ తెప్పించుకున్నాను. డెలివరీకి ఇంకో 60. ఆరు ప్యాకెట్లు వచ్చాయి: తంగేడు, రేల, గురివింద, శంఖుపువ్వు, నాటు బీర, నాటు దోస. అట్టపెట్టె మీద మీరే రాశారు, ‘కొండపల్లి అడవుల్లో, కృష్ణా తీర గ్రామాల్లో చేత్తో ఏరిన విత్తనాలు’ అని. నేను డబ్బు పెట్టింది ఆ మాటకే. ఉత్త బీర గింజలు కావాలంటే మా వీధి చివర ఎరువుల కొట్లో పది, ఇరవై రూపాయలకి దొరుకుతాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్ళు మా పెరట్లో రోజుల తరబడి నిలబడ్డాయి. నర్సరీలో కొన్న క్రోటన్లు, గులాబీలు అన్నీ కుళ్ళిపోయాయి. గోడ వారనున్న నందివర్ధనం ఒక్కటే నెల తిరక్కుండా చిగురేసింది. మళ్ళీ పెరడు వేసుకుంటే ఇక్కడి ఎండకీ వానకీ అలవాటుపడ్డ మొక్కలే వేసుకోవాలని అప్పుడు అనుకున్నాను. తంగేడు మెట్ట మొక్క అని, నీళ్ళు నిలిస్తే ఓర్చుకోదని నాకు తెలుసు. అందుకే దానికోసం మోకాలెత్తు మట్టి కట్ట పోయించాను. మట్టికీ కూలీకీ అయిన ఖర్చు మీ కిట్ ఖరీదుకి మూడింతలు.

గింజలు మొలిచాయి. బాగా మొలిచాయి. ఆగస్టుకి నడుమెత్తు వచ్చాయి, అక్టోబరుకి నన్ను దాటిపోయాయి. ఒక్కో ఆకు మూర పొడవు. తంగేడు ఇంత ఏపుగా పెరుగుతుందా అని అనుమానం వచ్చింది కానీ, మంచి మట్టి పోశాను కదా అని సరిపెట్టుకున్నాను. కార్తీకమాసంలో మాచర్ల నుంచి మా అమ్మ వచ్చింది. పెరట్లోకి వెళ్ళి ఒక్క నిమిషం చూసి, “ఏమే, తంగేడన్నావు, ఇది మెట్టతామర కదే! తామర లేస్తే దీని ఆకు నూరి రాసేవాళ్ళం” అంది.

ఆ తర్వాత బాటనీ చెప్పే మా పక్కింటి లెక్చరర్ గారిని కూడా పిలిచి చూపించాను. ఆవిడ దగ్గరుండి నాకు తేడాలు చెప్పారు. తంగేడుకి ఆకు కాడ మొదట్లో చిన్న చెవుల్లాంటి గుండ్రటి రేకులు రెండు ఉంటాయి, మీ మొక్కకి లేవు. తంగేడు పూలు కొమ్మ చివర గుత్తులుగా విచ్చుకుంటాయి. మీ మొక్కకి పసుపుపచ్చ కొవ్వొత్తిలా నిట్టనిలువు కంకి వచ్చింది. తంగేడు కాయ కాగితంలా పలచగా, బల్లపరుపుగా ఉంటుంది. దీని కాయకి పొడుగునా నాలుగు రెక్కలున్నాయి. సీమ అవిసె అని కూడా అంటారట. దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చిన మొక్క. ‘మన ఊరి’ కిట్‌లో ఎందుకుందో మీరే చెప్పాలి. దాని ఆకుల మీద కూడా పసుపు సీతాకోకచిలుకలు వచ్చి గుడ్లు పెట్టాయి, ఆ మాట దాచను. కానీ ఆ మంచి వాటిది, మీది కాదు.

నా పెద్ద టెన్షన్ ఇది. ఈ మొక్కకి తడి నేల, కాలవ గట్టు ఇష్టం. ఒక్కో కాయలో యాభై దాకా గింజలుంటాయి. మా ఇంటికి నాలుగు వీధుల అవతలే బుడమేరు. కాయలు ఎండి గింజ రాలక ముందే మొక్కలన్నీ నరికించి, కాయల్ని విడిగా ఏరి కాల్చేశాను. ఈ కిట్ మీరు ఇంకెంతమందికి అమ్మారు? వాళ్ళలో ఎంతమందికి మా అమ్మలాంటి అమ్మ ఉంది?

మిగతా ప్యాకెట్ల సంగతి. శంఖుపువ్వు చక్కగా వచ్చింది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. రేల గింజల్ని మీ కాగితంలో చెప్పినట్టు సెంటీమీటరు లోతున పాతి రోజూ నీళ్ళు పోశాను. నలభై రోజులైనా ఒక్కటీ లేవలేదు. పైపొర అంత గట్టిగా ఉండే గింజ నీళ్ళు పోసినంత మాత్రాన మొలవదని మీ కాగితం రాసినాయనకి తెలియదు కాబోలు. మిగిలిన అయిదు గింజల్ని అమ్మ గచ్చు అరుగు మీద ఒక పక్క అరగదీసి, రాత్రంతా నానేసి పెడితే మూడు మొలిచాయి.

నాటు బీర ప్యాకెట్ చింపితే నల్లగా ఉండాల్సిన గింజలకి గులాబీ రంగు పొడి పట్టి ఉంది. నా వేళ్ళు కడుక్కున్నా సాయంత్రం దాకా ఆ రంగు పోలేదు. అది మందు కాకపోతే ఏమిటో చెప్పండి. మందు పట్టించిన విత్తనమైతే ఆ సంగతీ, మందు పేరూ, తినడానికి వాడొద్దన్న హెచ్చరికా లేబుల్ మీద ఉండాలని 1968 విత్తన నియమాలు చెబుతున్నాయి. మీ ప్యాకెట్ మీద ‘రసాయన రహితం’ అని మాత్రం ఉంది.

గురివింద ప్యాకెట్ గురించి రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది. పెట్టె మీద ‘పిల్లలతో కలిసి నాటండి’ అని రాసి, పాప బొమ్మ వేశారు. మా పాపకి ఆరేళ్ళు. ఎర్రగా, నల్ల బొట్టుతో ముద్దుగా ఉన్నాయని గింజలు గుప్పెట్లో పట్టుకుని ఆడుకుంది. గురివింద గింజ కొరికి నమిలితే విషం. అబ్రిన్ అనే ఆ విషం కొంచెం చాలు ప్రాణం తియ్యడానికి. పైపొర గట్టిగా ఉండబట్టి గింజ అలాగే మింగితే చాలాసార్లు ఏమీ కాదు. కానీ మీ కాగితంలో ఈ ఒక్క గింజకే ‘మొలకెత్తడానికి పైపొర గీకండి’ అని రాశారు! హెచ్చరిక ఒక్క ముక్క లేదు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు, మీ కంపెనీని చూస్తే ఆ సామెత గింజకి అన్యాయం చేసిందనిపిస్తోంది.

ఇక విత్తనం ఎక్కడిదన్న ప్రశ్న. ఆరు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆరింటి మీదా ఒకే లాట్ నంబరు, ఒకే ప్యాకింగ్ తేదీ. రేల, దోస ఒకే చోట, ఒకే రోజు కాశాయా? అడుగున చిన్న అక్షరాల్లో ప్యాక్ చేసిన ఊరు పక్క రాష్ట్రంలో ఉంది. కొండపల్లి రిజర్వ్ ఫారెస్ట్ నుంచి ఏ అటవీ ఉత్పత్తి బయటికి తేవాలన్నా 1967 అటవీ చట్టం కింద అటవీశాఖ అనుమతి ఉండాలి. మీకు ఉంటే ఆ కాగితం చూపించండి. అనుమతి లేకుండా ఏరారంటే అది నేరం. అసలు అక్కడ ఏరనే లేదంటే పెట్టె మీద రాసింది అబద్ధం. మీకు ఏది నయమో మీరే చూసుకోండి.

నవంబరు 12న ఫొటోలతో సహా మీకు మెయిల్ పెట్టాను. ‘ప్రకృతిలో వైవిధ్యం సహజం, మీ తోటపని ఆనందంగా సాగాలి’ అని జవాబు, దాంతో పాటు తర్వాతి కొనుగోలు మీద వంద రూపాయల కూపన్ వచ్చాయి. తంగేడు గింజ వేస్తే మెట్టతామర రావడం వైవిధ్యం కాదండీ.

నాకు కిట్ డబ్బు, డెలివరీ ఛార్జి కలిపి 709 రూపాయలు వెనక్కి ఇవ్వండి. అంతకంటే ముఖ్యం, ఈ లాట్ కొన్న వాళ్ళందరికీ ‘తంగేడు ప్యాకెట్‌లో మెట్టతామర గింజలున్నాయి, కాయ ఎండకముందే తీసేయండి’ అని మెసేజ్ పంపండి. గురివింద సంగతి కూడా అందులోనే చెప్పండి. పెట్టె మీద పాప బొమ్మ తీసేయండి. ఒక్కో ప్యాకెట్‌లోని గింజలు ఏ ఊళ్ళో, ఏ నెలలో ఏరినవో రాతపూర్వకంగా తెలపండి. తెలియకపోతే తెలియదనే రాయండి, దానికి నేను తప్పుపట్టను.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. తర్వాత, తప్పుదోవ పట్టించే ప్రకటన కింద ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు, మీ ఊరికి రానక్కర్లేదు. బిల్లు, ఖాళీ ప్యాకెట్లు, ఎండబెట్టిన ఆకు, నాలుగు రెక్కల కాయ ఒకటి (గింజలు తీసేసినది) కవర్లో పెట్టి ఉంచాను. ఫొటోలు దీనితో జత చేస్తున్నాను.

మట్టి కట్ట ఖాళీగా లేదు. వెళ్ళేటప్పుడు అమ్మ తన ఊరి చేను గట్టు మీది తంగేడు గింజలు కొంగు ముడి విప్పి నా చేతిలో పోసింది. వేడినీళ్ళలో నానేసి పెట్టాను, నిన్నటికి నాలుగు మొలకలు. కాబట్టి దయచేసి బదులు కిట్ పంపకండి. కూపన్ కూడా.

ఇట్లు,
మీ కిట్ కొన్న వినియోగదారు