నెపం వలస పక్షులది, కోళ్ల వ్యర్థాలు కొల్లేటికి

సంపాదకులకు నమస్కారం.

చలికాలం వస్తున్నందున కొల్లేటికి చేరే వలస పక్షుల విషయంలో కోళ్ల ఫారాల యజమానులు అప్రమత్తంగా ఉండాలని అధికారులు హెచ్చరించినట్లు గత వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. నీటి పక్షుల్లో బర్డ్ ఫ్లూ వైరస్ ఉంటుందనీ, వాటి రెట్టల ద్వారా నీళ్లలో కలుస్తుందనీ నేను కాదనడం లేదు. అయితే ఫారాల నుంచి కొల్లేటికి అదే జబ్బు వెళ్లే దారి గురించి ఆ హెచ్చరికలో ఒక్క ముక్క కూడా లేకపోవడం వల్లే ఈ లేఖ రాయవలసి వచ్చింది.

2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు అగ్రహారం, ఆ తరువాత బాదంపూడి ఫారాల్లో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ ఉన్నట్లు తేలినప్పుడు ఏం జరిగిందో ఉభయ గోదావరి, ఏలూరు జిల్లాల వారెవరూ మరిచిపోలేదు. ఫారం చుట్టూ కిలోమీటరు మేర కోళ్లను చంపి, గోతిలో సున్నం చల్లి పూడ్చాలని, 10 కిలోమీటర్ల వరకు నిఘా ఉంచాలని నిబంధన. కానీ ఆ కబురు బయటికి పొక్కేలోగానే చచ్చిన కోళ్లను కాలువల్లోకీ రోడ్ల పక్కకూ విసిరేశారు. ఆ మరుసటి నెలలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప ఇదే వైరస్ సోకి చనిపోయింది. అంతటి ఘోరం జరిగాక కూడా మనకు బుద్ధి రాకపోతే ఇంకెప్పుడు వస్తుంది?

అంతకన్నా పెద్ద ముప్పు ఏడాది పొడవునా సాగుతోంది. చెరువుల్లో పెంచే ఫంగస్ (పంగాసియస్) చేపలకు మేతగా కోళ్ల వ్యర్థాలు వేయడం నిషేధమైనా, పట్టాలు కప్పిన డ్రమ్ములతో వ్యాన్లు రాత్రిపూట చెరువు గట్ల మీదికి వస్తూనే ఉన్నాయి. దారి పొడవునా నెత్తురు నీళ్లు కారుతుంటాయి. తెల్లవారేసరికి గట్టు మీద పడిన పేగులు, ఈకల దగ్గర కొంగలు, గద్దలు, ఊరకుక్కలు గుంపుగా చేరి ఉంటాయి, పక్కనే కూలీలు వట్టి చేతులతో డ్రమ్ములు కడుగుతుంటారు. అక్కడ వాలిన పక్షే మళ్లీ ఎగిరి కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాక పక్షుల కేంద్రంలో చెట్ల మీద పెలికాన్ల గూళ్ల నడుమ వాలుతుంది. 2024 చివర్లో నాగపూర్ దగ్గర గోరెవాడ వన్యప్రాణుల సంరక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత హెచ్5ఎన్1తో చనిపోయినప్పుడు, వాటికి మేతగా వేసిన కోడి మాంసం మీదనే అనుమానం కలిగింది. పెంపుడు కోళ్ల జబ్బు అడవి జంతువుల ప్రాణం తీయదని ఎవరూ నిశ్చింతగా ఉండే రోజులు కావివి.

1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చిన సరస్సుకు మనం ఇచ్చే రక్షణ ఇదేనా? గట్టున చచ్చిన నీటికాకి కనబడితే ఎవరికి చెప్పాలో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఒకసారి నేను ఫోన్ చేస్తే, అది తమ పరిధి కాదని ఒక కార్యాలయం వారు మరో కార్యాలయం నంబరు ఇచ్చారు, ఆ నంబరు ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. ఈలోగా కుక్కలు ఆ పక్షిని ఈడ్చుకుపోయాయి. పశుసంవర్ధక శాఖ కోళ్లను చూస్తుంది, మత్స్య శాఖ చేపలను చూస్తుంది, అటవీ శాఖ పక్షులను లెక్కపెడుతుంది. ఎవరికి వారే యమునా తీరే అన్నట్లు ఉంటే జబ్బును చూసేదెవరు?

కనుక ఈ సీజన్ మొదలయ్యేలోపు మూడు శాఖలూ కలిసి ఒకే ఫోన్ నంబరు ప్రకటించి, కొల్లేటి గ్రామాలన్నింటిలో బోర్డులు పెట్టించాలి. చచ్చిన పక్షుల నమూనాలను ఆటపాకలోనే సేకరించి పరీక్షకు పంపాలి. వ్యర్థాల వ్యాన్లను రాత్రిపూట ఆపి కేసులు పెట్టాలి, వేసిన జరిమానాల వివరాలు మీ వంటి పత్రికలకు ప్రతి నెలా ఇవ్వాలి.

– ఒక చేపల రైతు, కైకలూరు మండలం