కొర్రమీనుకు హద్దు పెట్టుకున్న ఏడాది: మన మత్స్యకారుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏటా ఈ నివేదికలో ఎన్ని పిల్లలు వదిలాం, ఎంత చేప పట్టాం, ఎంత మిగిలింది అని నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టేవాణ్ని, ఈసారి అట్ల కుదరదు. ఏడాదికి ఇంతకంటే ఎక్కువ పట్టకూడదని మొదటిసారి మనకు మనమే హద్దు పెట్టుకున్నాం, దాని మీద మనలో మనమే గొడవ పడ్డాం, రెండు ఇళ్ల మధ్య కొన్నాళ్లు మాటలు కూడా లేవు. కాబట్టి ఎందుకు పెట్టుకున్నాం, ఎట్ల నడిచింది, యాడ తప్పాం అనేది కార్యదర్శిగా నేను వివరంగా చెప్పాలి. కిలోల పట్టిక, జమాఖర్చుల కాగితం ఇంటింటికీ విడిగా ఇచ్చాం, ఆ అంకెలు ఇక్కడ మళ్లీ రాయను.

మొదట మన పుస్తకంలో కనపడిన సంగతి. మూడేళ్లుగా కొర్రమీను కిలోలు పెద్దగా తగ్గలేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కానీ కాటా దగ్గర కూర్చునే పిల్లోడు కిలోలతో పాటు ఎన్ని చేపలు తూగాయో కూడా పక్కన గీతలు పెట్టే అలవాటు చేసుకున్నాడు, ఆ అబ్బాయికి సంఘం తరఫున నిండు మనసుతో ధన్యవాదాలు. ఆ గీతలు లెక్కపెడితేనే తెలిసింది, అంతకుముందు ఎనిమిది చేపలకు వచ్చే బరువు ఇప్పుడు పదిహేను, పదహారు వేస్తే గానీ రావడం లేదని. కిలో దాటిన కొర్రమీను పడితే ఫోటో తీసి గ్రూపులో పెట్టుకునే రోజులొచ్చాయి, మన నాయనల కాలంలో అది వింతే కాదు. చెరువులో చేప ఖాళీ అవుతున్నప్పుడు ముందు దాని సైజు తగ్గుతుంది, కిలోలు పడిపోయేది ఆ తర్వాతే, అప్పటికి మనం చేయగలిగింది ఏమీ మిగలదు.

ఇంకో సంగతి అందరికీ తెలిసిందే, అయినా రాసి పెట్టాలి. వానలు పడి చెరువులో కొత్త నీళ్లు చేరగానే కొర్రమీను గట్టు వారన జమ్ములో, తుంగలో గూడు చేసుకుంటుంది. పిల్లలు బయటికొచ్చాక ఎర్రటి ముద్దలా గుంపు కట్టి తిరుగుతాయి, అన్నీ ఒక్కసారే పైకొచ్చి గాలి మింగి కిందికి పోతాయి, అప్పుడు ఆ కాస్త మేర నీళ్ల మీద చినుకులు పడ్డట్టు ఉంటుంది. ఆ గుంపు కిందనే తల్లో తండ్రో కాపలా కాస్తుంది. దగ్గరికి ఏది వచ్చినా మీద పడి కరుస్తుంది, గాలానికి కప్పను గుచ్చి ఆ గుంపు మీద ఆడించామంటే ఆకలి లేకపోయినా కోపంతో పట్టుకుంటుంది. ఈ విద్య మనలో చాలామందికి చిన్నప్పుడే వచ్చింది, నాకు మా అబ్బ నేర్పించాడు. అంత సులువుగా పెద్ద చేప ఇంకెప్పుడూ పడదు, కానీ కాపలా పోయిన పిల్లలు ఎవరి పాలవుతాయి? హద్దు పెట్టుకోక ముందటి జూలైలో తూము పక్కన నేను కళ్లారా చూశాను. పొద్దున జల్లెడంత వెడల్పున ఎర్రగా ఉన్న గుంపు, ఎవరో తల్లిని గాలానికి లాగేశాక మధ్యాహ్నానికి చారెడు అయింది, చుట్టూ జిలేబి చేపలు ఎగబడుతున్నాయి, గట్టు మీద కొంగలు. పొద్దు గుంకేసరికి అక్కడ ఏమీ లేదు. ఒక్క చేపను తీస్తే వెనకాల ఎన్ని వందలు పోతాయో ఆరోజు అర్థమై నాకు రాత్రి అన్నం సయించలేదు.

బొచ్చె, శీలావతి, మృగాల సంగతి వేరు. అవి నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి వరదతో పారే నీళ్లు కావాలి, మన హంద్రీ ఏడాదిలో ఎన్ని రోజులు పారుతుందో చెప్పక్కర్లేదు. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్ ఇచ్చి ఆ జాతి చేపలతో గుడ్లు పెట్టించబట్టే ఈరోజు మనం పిల్లల్ని కొని తెచ్చి పోసుకోగలుగుతున్నాం (జూలై 10న చేప రైతుల దినం జరిపేది అందుకే). కాబట్టి వాటికి పెట్టుకున్న నియమం చిన్నది, కిలోకు తక్కువ ఉన్నదాన్ని పట్టొద్దు, పెరగనివ్వాలి. కొర్రమీనుకు, వాలుగకు అట్ల కాదు. వాటి పిల్లల్ని మన చెరువులో ఎవరూ తెచ్చి పోయరు, చెరువులో మనం మిగిల్చిన తల్లులే వచ్చే ఏటి విత్తనం. ఏడాది హద్దు ఈ రెండింటికే పెట్టింది అందుకే, అన్నింటికీ పెట్టారని బయట ప్రచారం చేస్తున్నవాళ్లు దయచేసి ఇది చదవండి.

మే నెలలో గంగమ్మ గుడి ముందర జరిగిన సభలో ఒక పెద్దాయన లేచి, "చేప గంగమ్మ ఇచ్చేది, దానికి నువ్వు కాటా పెడతావా నాయనా" అని అడిగాడు. ఇంకొకరు "మనం పస్తులుంటే పక్క చెరువోళ్లు బాగుపడతారు, అంతే కదప్పా" అన్నారు. ఆరోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను, ఇప్పుడు చెప్తాను. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ అనే చోట కాడ్ చేప ఎంత ఉండేదంటే 1968లో ఒక్క ఏడాదే 8 లక్షల టన్నులకు పైగా పట్టారు. తర్వాత తర్వాత హద్దులు పెట్టారు, పెట్టలేదని కాదు, కానీ సముద్రంలో ఉన్న చేప కంటే ఎక్కువ ఉందని లెక్కగట్టి ఆ హద్దుల్ని పెద్దవిగా పెట్టుకున్నారు. 1992 జూలైలో చేప లేక వేట మూసేశారు, దాదాపు 30 వేల మందికి పని పోయింది. రెండేళ్లే అని చెప్పిన ఆ నిషేధం పూర్తిగా ఎత్తేయడానికి 2024 దాకా పట్టింది. వాళ్లకు ఓడలున్నాయి, శాస్త్రవేత్తలున్నారు, అయినా అట్లయింది. మనకున్నది పుట్టి, వల, ఒక లెక్కల పుస్తకం. తప్పు లెక్క వేసుకుంటే తట్టుకునే శక్తి మనకు వాళ్లకున్నంత కూడా లేదు.

అమెరికా వాళ్లు 2006లో తమ సముద్ర వేట చట్టాన్ని మార్చి, ఏడాదికి ఎంత పట్టాలో ముందే తేల్చాలని పెట్టుకున్నారు, మితిమీరి పడుతున్న చేపలకు 2010 కల్లా, మిగతావాటికి 2011 కల్లా. వాళ్ల పద్ధతిలో నాకు నచ్చింది మూడు గీతలు. ఇది దాటితే జాతి దెబ్బతింటుందనేది పై గీత. మన లెక్కలో తప్పు ఉండొచ్చని శాస్త్రవేత్తలు కొంత తగ్గించి గీసేది దాని కింది గీత. ఆ రెండో గీతను మించకుండా పెట్టుకునే అసలు హద్దు మూడోది. ఒక ఏడాది హద్దు దాటితే ఏం చేయాలో కూడా ముందే రాసుకుంటారు, ఎక్కువ పట్టిందాన్ని చాలా చోట్ల తర్వాతి ఏడాది వాటాలో కోసేస్తారు. మనకు చెరువులో ఎన్ని కొర్రమీనులున్నాయో లెక్కపెట్టే దారి లేదు, కాబట్టి గత మూడేళ్ల సగటు తీసి అందులో నాలుగో వంతు చెరువుకే వదిలేసి, మిగతా ముప్పావు మన హద్దుగా రాసుకున్నాం. సగం చాలని అడిగిన వాళ్లున్నారు, అసలు తగ్గించొద్దన్న వాళ్లూ ఉన్నారు. నా మట్టుకు నాకు ముప్పావు కూడా ఎక్కువే అనిపిస్తుంది, కానీ అందరి కడుపులూ చూసుకుని ఒప్పుకున్నాం.

వల కన్ను సంగతి సభలో పెద్దగా చర్చకు రాలేదు, ఎందుకంటే శ్రీశైలం వెనుక జలాల్లో అలివి అనే సన్న కన్ను వలలతో వేలెడంత పిల్లల్ని కూడా ఊడ్చేసి ఒడ్డున ఎండబెట్టడం మన చుట్టాలు అక్కడ చూసి ఏడ్చినవాళ్లే. సన్న కన్ను వల మన చెరువులో దిగకూడదనే తీర్మానానికి అందరూ చేతులెత్తారు.

ఇప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో. మొత్తం చెరువుకు కలిపి ఒకే హద్దు పెట్టాం, ఇంటింటికి ఇంత అని పంచలేదు. రెండు నెలల బంద్ అయ్యాక సెప్టెంబరులో వేట తెరవగానే హద్దు అయిపోయేలోపు నా చేప నేను పట్టుకోవాలని అందరికీ టెన్షన్ మొదలైంది. తెల్లవారుజాము మూడు గంటలకే పుట్టీలు దిగాయి, జ్వరంతో ఉన్నవాళ్లు కూడా ఆగలేదు, ఒక్కసారిగా చేప వచ్చి పడేసరికి కోడుమూరులో, కర్నూలులో రేటు కొట్టేశారు, ఏడాదికని పెట్టుకున్నది డిసెంబరు చివరికే అయిపోయింది, ఎండాకాలం మంచి ధర ఉన్నప్పుడు అమ్మడానికి మన దగ్గర కొర్రమీను లేదు. ఇది మన ఒక్కరి తప్పే కాదని తర్వాత తెలిసింది. అలాస్కాలో హాలిబట్ అనే చేపకు ఇట్లే అందరికీ ఒకే హద్దు పెడితే పోటీ ముదిరి, చివరికి ఏడాది వేట రెండు మూడు రోజులకు కుదించుకుపోయింది, తుపానులో కూడా పడవలు దిగేవి. 1995 నుంచి ఎవరి వాటా వాళ్లకు పంచాకే ఆ పరుగు ఆగింది. మనం కూడా జనవరిలో అత్యవసర సభ పెట్టి, వచ్చే ఏడాది నుంచి ఇంటికి ఇంత వాటా, దాన్ని ఎప్పుడు పట్టుకోవాలనేది ఆ ఇంటి ఇష్టం అని రాసుకున్నాం. భర్తలు పోయిన అక్కలకు కూడా పూర్తి వాటా ఉంటుంది, వాళ్ల చేప ఎవరు పట్టి ఇచ్చినా కాటా వాళ్ల పేరు మీదే వేయాలి. దీని మీద మళ్లీ చర్చ లేదు.

హద్దు అయిపోయాక వలలో పడ్డ కొర్రమీనును ఏం చేయాలనేది ఇంకో తలనొప్పి అయింది. బతికి ఉంటే వదిలేయాలి, అది గాలి పీల్చే చేప, కాసేపు బయటున్నా తట్టుకుంటుంది. చచ్చి ఉంటే కాటాకు తేవాలి, లెక్కలో రాయాలి, అమ్మిన డబ్బు సంఘానికి జమ. చిన్నది పడిందని చంపి గట్టున పారేసి పెద్దదాన్ని మాత్రం చూపించడం ఒకటి రెండు చోట్ల జరిగింది, అట్ల చేస్తే పుస్తకంలో హద్దు నిలబడుతుంది కానీ చెరువులో చేప నిలబడదు.

ఫిబ్రవరిలో ఒక సభ్యుడు రాత్రి పూట చేప పట్టి కాటాకు తేకుండా బయటి వ్యాపారికి ఇచ్చాడు. పేరు రాయను, మీకు తెలుసు. ఆ ఇంటికి పోయి నేనూ అధ్యక్షుడన్నా కూర్చుని మాట్లాడితే తేలిందేమిటంటే, పోయినేడు కూతురి పెళ్లికి ఆ వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు, చేప ఇవ్వకపోతే వడ్డీ పెరుగుతుంది. అడ్వాన్సు తీసుకున్న ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. ఆయన ఎక్కువ పట్టిన కిలోల్ని వచ్చే ఏటి వాటాలో కోస్తాం, అందులో రాజీ లేదు. కానీ వ్యాపారి బాకీ మెడ మీద ఉన్నంత కాలం ఏ హద్దూ నిలవదని కూడా నాకు గట్టిగా అనిపించింది, అందుకే సంఘం పొదుపు నుంచి తక్కువ వడ్డీకి చిన్న అప్పులు ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాను.

జూలై, ఆగస్టు వేట బంద్‌ను ఈసారి మొత్తంగా పాటించాం, అది మామూలు విషయం కాదు. సముద్రం మీద బతికే మనవాళ్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపితే ప్రభుత్వం భృతి ఇస్తుంది. మన చేతికి ఈ రెండు నెలలకు ఏమీ రాలేదు, కొందరు బెంగళూరుకు కూలికి పోయారు, కొందరు వేరుశనగ కలుపులకు పోయారు. భృతి కోసం అర్జీ పెట్టాం, మళ్లీ పెడతాం.

చేప పిల్లల విషయం. ఈ ఏడాది వచ్చిన మొదటి లోడు వెనక్కి పంపించాం. చూపుడు వేలంత కూడా లేని పిల్లల్ని పెద్ద చెరువులో వదిలితే వాలుగకు మేత వేసినట్టే, వంద మిల్లీమీటర్లు దాటినవైతేనే నిలుస్తాయి. రెండో లోడు మంచిదే, కానీ లెక్క కప్పుతో కొలిచేటప్పుడు వాళ్లు చెప్పిన సంఖ్యను నమ్మకుండా మన ఆడవాళ్లు మూడు కప్పులు పళ్లెంలో పోసి ఒక్కొక్క పిల్లనే లెక్కపెట్టారు, మూడింట్లోనూ తక్కువ వచ్చింది, ఆ మేరకు డబ్బు తగ్గించే ఇచ్చాం. వచ్చే ఏడాది కూడా ఆ అక్కలే లెక్కకు ఉండాలి.

ఐసు పెట్టెలు రెండు కొన్నాం, కాటా బాగు చేయించాం, ఆడిట్ అయింది, అభ్యంతరాలు లేవు.

రాబోయే సభలో తేల్చాల్సినవి చెప్తాను. హద్దును ముప్పావు దగ్గరే ఉంచాలా, ఇంకా తగ్గించాలా. పిల్లల గుంపు కనపడిన చోట గుర్తుగా కర్ర నాటి, అక్కడికి నెల రోజులు ఎవరూ గాలం తీసుకుపోకూడదనే నియమం పెట్టాలా (నేను పెట్టాలనే అంటాను). వాటా అమ్ముకోవచ్చా లేదా, అమ్ముకోనిస్తే రెండేళ్లలో చెరువంతా నాలుగిళ్ల చేతికి పోతుందని నా భయం, కాదనేవాళ్లు వచ్చి మాట్లాడండి. పిల్లోడి గీతల పుస్తకం ఈ ఏడాదిది కూడా తెచ్చి పెడతాం. జనవరి తర్వాత బతికున్నవి వదిలేశాం కదా, జూన్‌లో తూము పక్కన మూడు చోట్ల ఎర్ర గుంపులు కనపడ్డాయని కాపలా చిన్నాయన చెప్పాడు, ఒకటి నేనే పోయి చూశాను, తల్లి కిందనే ఉంది.

సభకు ఇంటికొకరు తప్పకుండా రండి, ఆడవాళ్లు కూడా రావాలి. వచ్చేటప్పుడు మీ మీ చిన్న పుస్తకాలు తీసుకురండి, కాటా పుస్తకంతో సరిచూసి అక్కడే వాటాలు రాసేద్దాం.

మీ కార్యదర్శి