ఆదోని కాటా చీటీ

కర్నూలు

ఒరేయ్ మామా,

ఆదివారం ఫోన్లో "హత్యలు చేసేటోళ్లకు కోర్టులెందుకురా, ఉరి తీసి పారేయాల" అని అరిచి పెట్టేస్తివి. నీతో ఫోన్లో వాదించి గెలిచినోడు లేడు, అందుకే కాగితం పట్టుకున్నా. మధ్యలో నువ్వు అడ్డం పడలేవు గదా.

మా చిన్నాయన కథ నీకు సగమే తెలుసు. ఊళ్లో ఆ హత్య జరిగిన పొద్దు ఆయన ఆదోని యార్డులో పత్తి అమ్ముకుంటాండాడు. తెల్లారేసరికి ఫిర్యాదులో తొమ్మిదో ముద్దాయి. మన సీమలో వింతేం కాదులే. నరికినోళ్లు ముగ్గురైతే కాగితంలో పద్నాలుగు మంది ఉంటారు. అవతలి వర్గంలో కాలూచెయ్యీ ఆడే మగోడినల్లా రాయిస్తారు. గొడ్డలి ఆయన చేతిలోనే చూసినామని ఇద్దరు కోర్టులో ప్రమాణం చేసి చెప్పినారు. వాళ్లలో ఒకాయన పెండ్లిలో నువ్వూ నేనూ బూందీ వడ్డించినోళ్లమే!

కాపాడింది ఏందో తెల్సా? యార్డు కాటా చీటీ. తేదీ, తూకం, ముద్ర. దుడ్ల లెక్క చూసుకోవాలని పిన్నమ్మ దాన్ని దేవుని గూట్లో పసుపు డబ్బా కింద పెట్టింది. వకీలు జడ్జికి ఇచ్చినప్పుడు అంచంతా పసుపు మరకే. అది చొక్కా జేబులో ఉండి ఉతుకులో పోయింటే?

పైన కోర్టులుండాయి గదా అంటావు. ఉండాయి. సెషన్స్ కోర్టు ఉరి వేస్తే హైకోర్టు ఖాయం చేయాల, ఆపైన సుప్రీంకోర్టు, ఇంకా పైన రాష్ట్రపతి. నేనూ ఆ ధైర్యంతోనే ఉంటి, నాసిక్ కేసు చదివేదాకా. 2003లో అక్కడ ఒకే ఇంట్లో ఐదుగురిని చంపినారు. సంచార జాతుల పేదోళ్లు ఆరుమందిని పట్టుకున్నారు. వాళ్లలో ముగ్గురికి హైకోర్టు యావజ్జీవానికి తగ్గించింటే, 2009లో సుప్రీంకోర్టు దాన్ని పెంచి ఆరుగురికీ ఉరే అనింది. 2019లో అదే సుప్రీంకోర్టు ఆ కేసును మళ్లా తిరగేసి, ఆరుగురూ నిర్దోషులనింది! ప్రాణాలతో మిగిలినామెకు మొదట్లోనే పాత నేరస్తుల ఫోటోలు చూపిస్తే, ఆమె వేలు పెట్టింది వేరే నలుగురి మీద. ఆ నలుగురి జోలికి ఎవరూ పోలేదు. వీళ్లు మాత్రం 16 ఏండ్లు లోపల. తలా 5 లక్షలిమ్మన్నారు.

విజయవాడ దగ్గర 2007లో హాస్టలు అమ్మాయి హత్య గుర్తుందా? దొరికినోడిని ఉరి తీయాలని టీ బంకు కాడ ఊగిపోయింది మనమే. కింది కోర్టు యావజ్జీవం వేసింది కాబట్టి సరిపోయింది. 2017లో హైకోర్టు వాడు చేయలేదని వదిలేసింది, లక్ష రూపాయలిమ్మనింది. మన మాట నెగ్గింటే ఆ లక్ష ఎవరికిద్దుము రా?

ఇంకోటి. 2012లో 14 మంది రిటైర్డు జడ్జీలు రాష్ట్రపతికి ఉత్తరాలు రాసినారు. పాత తప్పు తీర్పును నమ్ముకొని 13 మందికి ఉరిశిక్ష వేసినారని, దాన్ని తగ్గించమని. వాళ్లు నేరం చేయలేదని కాదు, ఆ కేసుల్లో శిక్ష వేసిన దారే తప్పని. ఆ తప్పును సుప్రీంకోర్టే 2009లో ఒప్పుకుంది. అప్పటికే అదే తప్పుతో రాజస్థాన్లో వేరే ఇద్దరిని ఉరి తీసేసినారు, ఒకణ్ని 1996లో, ఇంకొకణ్ని 1997లో.

చెడ్డోళ్లను వదిలేయమని నేను అనలేదు. లోపలే ఉండనీ, చచ్చేదాకా. తప్పు తేలితే తలుపు తీసేదానికి మనిషంటూ ఉండాల గదా.

చిన్నాయన ఇప్పుడు ఏం అమ్మినా, ఏం కొన్నా చీటీలన్నీ కమ్మీకి గుచ్చి పెడ్తాడు. మొన్న బస్టాండులో ఇద్దరం సోడా తాగితే, అంగడాయన్ను బిల్లు అడిగినాడు. ఉగాదికి వస్తే ఆయన కాడికి పోయొద్దాం.

నీ మామ