హారిక కాలేజ్ అప్లికేషన్ల గురించి శీనుగాడికి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్రా, నైట్ షిఫ్టులు ఇంకా అలాగే వేస్తున్నారా? మొన్న ఫోన్లో మీ అమ్మాయి హారికకి ఇక్కడ అమెరికాలో కాలేజీ చదువు గురించి అంతా చెప్పి చివర్లో ఒక మాట అన్నావ్, "మన మార్కులకి మన జీతానికి ఆ పెద్ద కాలేజీలెందుకులేరా, దగ్గర్లో ఏదో ఒకదాంట్లో చేర్పించేస్తా" అని. అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది నాకు. నువ్వేమో బంకులో ఉన్నావ్, వెనకాల కార్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు, సరిగ్గా మాట్లాడటం కుదర్లేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా, పొడుగే అవుతుంది, ఖాళీ దొరికినప్పుడు చదువు, తర్వాత హారికకీ చూపించు.

నేను చెప్పేది ఒక్కటేరా. వద్దు అనాల్సింది ఆ కాలేజీవాళ్ళు. వాళ్ళ తరఫున మనమే మన పిల్లకి వద్దని చెప్పేస్తే ఎలా? ఇది మన ఒక్కళ్ళ ఇంట్లో జరిగేది కూడా కాదు, కెరొలైన్ హాక్స్‌బీ, క్రిస్టఫర్ ఏవరీ అని ఇద్దరు ఎకనామిస్టులు 2013లో ఒక పెద్ద స్టడీ వేశారు, బాగా చదివే పిల్లల్లో ఇంట్లో డబ్బు లేనివాళ్ళు ఎక్కువమంది బాగా వడపోసి తీసుకునే (సెలెక్టివ్) కాలేజీ ఒక్కదానికి కూడా అప్లై చెయ్యట్లేదని తేలింది. పైగా అలాంటి ఇళ్ళకి ఆ కాలేజీల్లోనే చాలాసార్లు ఖర్చు తక్కువ పడుతుందని కూడా తేలింది. ఇదే నాకు మనసులో గుచ్చుకునే విషయం, ఫీజు చూసి భయపడి తక్కువనుకుని వెళ్ళిన చోట ఎక్కువ కట్టడం.

ముందు మార్కుల సంగతి. నీకు ఉత్తుత్తి ఆశలు పెట్టను. తొమ్మిదో గ్రేడ్‌లో ఇంగ్లీష్‌లో సి, బయాలజీలో బి మైనస్, అవి ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే మార్కుల చిట్టాలో ఉంటాయి, ఎక్కడికీ పోవు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి చోట వందమంది అప్లై చేస్తే తీసుకునేది నలుగురైదుగుర్ని, అన్నీ ఏ గ్రేడులే ఉన్న పిల్లలే వెనక్కొస్తున్నారు. కాబట్టి లిస్టు మొత్తం అవే పెట్టుకుంటే అది తెలివితక్కువ. కానీ వాళ్ళు మార్కుల్ని ఒట్టి అంకెల్లా చూడరు. ప్రతి అప్లికేషన్‌తో పాటు స్కూల్ ప్రొఫైల్ అని ఒక కాగితం వెళ్తుంది, ఆ స్కూల్లో ఏ కోర్సులున్నాయి, పిల్లలు ఎలాంటివాళ్ళు అని అందులో ఉంటుంది, దాని పక్కన పెట్టి చూస్తారు. మన పిల్ల ఎనిమిదో గ్రేడ్ చివర్లో వచ్చింది కదరా, తొమ్మిదిలోనే ఇంగ్లీష్ కొత్తగా నేర్చుకునేవాళ్ళ క్లాసు (ఈఎస్ఎల్) నుంచి మామూలు ఇంగ్లీష్ క్లాసులోకి మారింది, పదిలో బీలు, పదకొండులో ఒక్క బి ప్లస్ తప్ప అన్నీ ఏలే, అందులో ఏపీ బయాలజీ, అంటే కాలేజీ స్థాయి కోర్సు కూడా ఉంది. బి మైనస్ తెచ్చుకున్న సబ్జెక్టులోనే రెండేళ్ళకి ఏపీ తీసుకుని ఏ తెచ్చుకుంది అంటే చదివేవాళ్ళకి అదే కళ్ళకి కొడుతుంది.

అయితే అది వాళ్ళకి మనం చెప్పాలి. చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే కామన్ యాప్‌లో "ఛాలెంజెస్ అండ్ సర్కమ్‌స్టాన్సెస్" అని చిన్న బాక్స్ ఉంటుంది, 250 పదాలు. అక్కడ ఏడుపులు, క్షమాపణలు ఏమీ వద్దు. జరిగింది జరిగినట్టు రాయమను: ఫలానా నెలలో ఇండియా నుంచి వచ్చాను, తొమ్మిదిలో ఈఎస్ఎల్ వదిలాను, నాన్న రాత్రి షిఫ్టు, అమ్మ పగటి షిఫ్టు, మూడింటికి తమ్ముణ్ణి స్కూల్ నుంచి తెచ్చి అన్నం పెట్టి హోంవర్క్ చేయించేది నేనే, పదకొండో గ్రేడ్‌కి వచ్చేసరికి మార్కులు ఇలా మారాయి. అంతే, నాలుగైదు వాక్యాలు. అసలు ఎస్సే 650 పదాలది వేరే ఉంది, దాన్ని ఈ సి గ్రేడు గురించి తగలెయ్యొద్దని గట్టిగా చెప్పు. ఎస్సేలో తన మనసు కనపడాలి, తనకి ఏది ఇష్టమో, దేని గురించి గంటలు గంటలు ఆలోచిస్తుందో అది రావాలి.

ఇంకోటి, మనవాళ్ళకి యాక్టివిటీస్ అంటే రోబోటిక్స్, డిబేట్, భరతనాట్యం అరంగేట్రం ఇవే గుర్తొస్తాయి, అవి లేవని హారిక ఆ పేజీ ఖాళీగా వదిలేసిందని చెప్పావ్ చూడు, నాకు నిజంగా బాధేసిందిరా. ఆ పేజీలో పది యాక్టివిటీలు పెట్టొచ్చు, డ్రాప్‌డౌన్‌లో "ఫ్యామిలీ రెస్పాన్సిబిలిటీస్" అని, జీతానికి చేసే పని అని వాళ్ళే ఇచ్చారు. శాండ్‌విచ్ షాపులో వారానికి పదిహేను గంటలు చేస్తోంది కదా, అది యాక్టివిటీనే. తమ్ముణ్ణి చూసుకోవడం యాక్టివిటీనే. మీ అమ్మగారిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి తెలుగులో చెప్పింది ఇంగ్లీష్‌లోకి మార్చి చెప్తుంది చూడు, అదీ యాక్టివిటీనే. ఒక్కోదానికి 150 అక్షరాలే ఇస్తారు, అక్షరాలు, పదాలు కాదు, అందుకని "సహాయం చేస్తాను" లాంటి మాటలు పనికిరావు, "వారానికి 15 గంటలు, సాయంత్రం షాపు మూసి క్యాష్ లెక్క అప్పజెప్తా, కొత్తవాళ్ళకి పని నేర్పిస్తా" ఇలా ఉండాలి. స్కూల్ కౌన్సెలర్‌కి కూడా ఇవన్నీ ఒక పేజీ మీద రాసి ఇవ్వమను, ఒక్కొక్కళ్ళ కింద వందల మంది పిల్లలుంటారు, వాళ్ళకి మన ఇంటి సంగతి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు డబ్బు. నువ్వు వెబ్‌సైట్లో ఏడాదికి 90 వేల డాలర్లు అని చూసి లాప్‌టాప్ మూసేశానన్నావ్. ఆ అంకె బట్టల షాపులో ట్యాగ్ మీద రేటులాంటిదిరా, నీలాంటివాడు కట్టేది అది కాదు. ఫెడరల్ చట్టం ప్రకారం 2011 నుంచీ ప్రతి కాలేజీ తన సైట్లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ పెట్టి తీరాలి. జీతం కాగితాలు (డబ్ల్యూ-2లు), ట్యాక్స్ రిటర్న్ (1040) పక్కన పెట్టుకుని కూర్చుంటే పావుగంట పని, మీ ఇంటికి సుమారు ఎంత పడుతుందో చెప్పేస్తుంది. ప్రిన్స్‌టన్ 2001లోనే లోన్లు తీసేసి గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, ఇప్పుడు ఏడాదికి 150,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్న చాలా కుటుంబాలకి ట్యూషన్, హాస్టల్, తిండి అన్నీ ఫ్రీ అంటోంది. హార్వర్డ్, ఎంఐటీ కూడా 100,000 లోపు ఇళ్ళ దగ్గర ఏమీ తీసుకోవట్లేదు. మీ ఇద్దరి జీతాలూ కలిపి 58 వేలు. మావాడు వంశీ విషయంలో ఏం జరిగిందో తెలుసుగా, ప్రైవేట్ కాలేజీలో మాకు పడిన వాటా స్టేట్ యూనివర్సిటీలో పడేదానికంటే తక్కువ, నేనే నమ్మలేక ఆఫీసుకి ఫోన్ చేసి మళ్ళీ అడిగా.

కానీ అన్ని కాలేజీలూ ఇలా ఉండవు, ఇక్కడే జాగ్రత్త. కొన్ని నీడ్-బ్లైండ్, అంటే అడ్మిషన్ ఇచ్చేటప్పుడు మన దగ్గర డబ్బుందా లేదా అని చూడవు. కొన్ని నీడ్-అవేర్, చూస్తాయి. అంతకంటే ముఖ్యం "ఫుల్ నీడ్ మీట్ చేస్తాం", అంటే మీరు కట్టలేనిదంతా మేమే సర్దుతాం అని రాసుందా లేదా. అది లేని చోట సీటు ఇస్తారు, ఎయిడ్ సగం ఇస్తారు, మిగతా సగం నువ్వు తెచ్చుకోవాలి, పిల్ల ఆనందంగా ఉంటుంది, నువ్వు కాదనలేవు, అక్కడ ఇరుక్కుపోతారు. నాకైతే హారిక లిస్టులో ఆడపిల్లల కాలేజీలు ఒకటి రెండు తప్పకుండా ఉండాలనిపిస్తోంది, మసాచుసెట్స్‌లో మౌంట్ హోల్యోక్ అని ఉంది, 1837 నాటిది, ఫుల్ నీడ్ ఇస్తుంది, హార్వర్డ్ లాంటి ఐవీ కాలేజీల కంటే చాలా ఎక్కువమందిని తీసుకుంటుంది, సైన్స్ బాగుంటుంది. మన సర్కిల్లో ఎవరికీ ఆ పేరు తెలియదు, తెలియకపోతే ఏంటి? చెల్లెమ్మకి ఈ మాట నువ్వే నెమ్మదిగా చెప్పు, వాళ్ళ అన్నయ్య ఫ్యామిలీ ఏమనుకుంటారో అని ఆలోచిస్తుంది తను.

క్వెస్ట్‌బ్రిడ్జ్ అనే స్కాలర్‌షిప్ ప్రోగ్రాం గురించి హారిక విన్నదో లేదో. నలుగురున్న ఇంట్లో 65 వేల లోపు ఆదాయం ఉన్న పిల్లల కోసం అది, అప్లికేషన్ ఫ్రీ, గడువు సెప్టెంబర్ చివర్లో. ఫైనలిస్టు అయితే 15 కాలేజీల దాకా ర్యాంక్ ఇవ్వొచ్చు, మ్యాచ్ అయితే, అంటే వాటిలో ఒక కాలేజీ తీసుకుంటే, నాలుగేళ్ళూ పూర్తి స్కాలర్‌షిప్. చాలా కాలేజీలకి బైండింగ్, అంటే వస్తే చేరి తీరాలి, అందుకని వెళ్ళడానికి ఇష్టం లేనిదాన్ని ర్యాంక్ చెయ్యకూడదు. తొమ్మిదో గ్రేడ్ మార్కుల వల్ల రావడం కష్టమే, కష్టం అని తెలిసే వెయ్యమంటున్నా, ఎందుకంటే ఆ ఫామ్‌కి రాసిన ఎస్సేలు మిగతా వాటికి కూడా పనికొస్తాయి.

ఇక మన సొంత స్టేట్ న్యూజెర్సీ. రట్గర్స్ యూనివర్సిటీ న్యూ బ్రన్స్‌విక్ క్యాంపస్‌లో స్కార్లెట్ గ్యారంటీ అని ఉంది, 65 వేల లోపు ఆదాయం ఉన్న ఇంటి పిల్లలకి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు లేకుండా. దానికి తోడు ఈఓఎఫ్ (ఎడ్యుకేషనల్ ఆపర్చునిటీ ఫండ్), న్యూజెర్సీలో 1968 నుంచీ ఉంది, సరిగ్గా హారికలాంటి పిల్లల కోసమే పెట్టారు: ఆదాయం తక్కువ, మార్కులు అంత నిండుగా లేవు, కానీ సత్తా ఉంది. గ్రాంటు ఇస్తారు, చేరే ముందు సమ్మర్ ప్రోగ్రాం పెడతారు, విడిగా కౌన్సెలర్‌ని ఇస్తారు. రట్గర్స్, ఎన్‌జేఐటీ, మాంట్‌క్లేర్ ఇలా చాలా చోట్ల ఉంది. అప్లికేషన్లో ఈఓఎఫ్ కావాలా అన్న చోట టిక్ పెట్టడం మర్చిపోతే అంతే సంగతులు, అది మాత్రం నువ్వు పక్కన కూర్చుని చూడు. కమ్యూనిటీ కాలేజీ దారి కూడా ఉంది, మనవాళ్ళు ఆ పేరెత్తితే మొహం పక్కకి తిప్పుకుంటారు గానీ రెండేళ్ళు అక్కడ చదివి స్టేట్ యూనివర్సిటీకి క్రెడిట్లు పోకుండా మారడానికి 2007 నుంచీ చట్టమే ఉంది.

అడ్మిషన్ పరీక్ష ఎస్ఏటీలో వచ్చిన 1420 స్కోరు కాలేజీలకి పంపాలా వద్దా అని అడిగావ్ కదా. ఆ స్కూల్ నుంచి, ఆ ఇంట్లోంచి 1420 అంటే మంచి స్కోరు. డార్ట్‌మత్ కాలేజీవాళ్ళు 2024లో వాళ్ళ లెక్కలు తీస్తే డబ్బు లేని పిల్లలు తమకి ఉపయోగపడే స్కోర్లని కూడా తక్కువనుకుని దాచేస్తున్నారని తేలింది, అందుకే టెస్టు మళ్ళీ తప్పనిసరి చేశారు. నేనైతే చాలా చోట్ల పంపిస్తా. ఇంకోసారి రాయాలనుకుంటే ఫీ వేవర్, అంటే ఫీజు మాఫీ, కౌన్సెలర్ దగ్గర తీసుకోమను, కామన్ యాప్ ఫీజులకీ వేవర్ ఉంటుంది, కొన్ని కాలేజీలు ఎయిడ్ కోసం అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ ఫామ్‌కీ మీ ఆదాయానికి ఫ్రీనే. ఎక్కడా ఒక్క డాలర్ కూడా కట్టక్కర్లేదు. ఆ వాట్సాప్ గ్రూపులో సీటు గ్యారంటీ అని వేలకి వేలు అడుగుతున్న కన్సల్టెంట్ గురించి చెప్పావ్, వద్దు, సీటు గ్యారంటీ ఇచ్చేవాడెవడూ లేడు.

ఫామ్‌ల దగ్గర మనవాళ్ళు తడబడేది పేర్ల దగ్గర. ఫాఫ్సా, అంటే ఫెడరల్ ఎయిడ్ ఫామ్, అక్టోబర్ 1కి తెరుచుకుంటుంది, పోయినేడాది ట్యాక్సులు చూస్తారు. దానికి ముందు నీకు ఒకటి, హారికకి ఒకటి అకౌంట్ చెయ్యాలి, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద పేరు ఎలా ఉంటే అచ్చం అలాగే కొట్టాలి. నీ కార్డులో ఇంటిపేరు ఎటువైపు ఉందో ఇప్పుడే తీసి చూడు, అటూ ఇటూ అయితే మ్యాచ్ కాదు, అక్కడే వారాలు పోతాయి. మీరిద్దరూ కలిపి ట్యాక్స్ ఫైల్ చేశారు కాబట్టి ఒక్కళ్ళ అకౌంట్ చాలు. ఊళ్ళో పొలం సంగతి, ఫామ్‌లో ఆస్తులు అడిగితే నీ పేరు మీద ఉన్నది ఎంతుంటే అంత చూపించాలి, ఇండియాలో ఉంది కదా అని వదిలెయ్యకూడదు, మీ నాన్నగారి పేరు మీద ఉన్నది మాత్రం నీది కాదు. భయపడకు, ఫాఫ్సాలో తల్లిదండ్రుల ఆస్తిలో ఏడాదికి మహా అయితే 5.64 శాతం లెక్కలోకి తీసుకుంటారు. మీ నాన్నగారికి నెలనెలా పంపే డబ్బు గురించి సీఎస్ఎస్ ప్రొఫైల్‌లో స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్ అనే చోట రాయి, అడిగితే చూపించడానికి బ్యాంకు కాగితాలు ఉంచుకో.

మార్చిలో లెటర్లు వచ్చాక ఒక్కటి గుర్తుపెట్టుకో, ఎయిడ్ అని రాసినదంతా ఉచితం కాదు. గ్రాంటు, స్కాలర్‌షిప్ వేరు, లోను వేరు, వర్క్ స్టడీ అంటే పిల్ల పని చేస్తే వచ్చే డబ్బు. పిల్ల పేరు మీద ఫస్టియర్‌కి ఫెడరల్ లోను 5,500 డాలర్ల దాకా ఉంటుంది, అది భరించొచ్చు. నీ పేరు మీద పేరెంట్ లోను తీసుకోమంటే మాత్రం నాతో మాట్లాడకుండా సంతకం పెట్టకు. తక్కువ ఇచ్చారనిపిస్తే అప్పీల్ చెయ్యొచ్చు, వేరే కాలేజీ లెటర్ చూపించి మర్యాదగా అడిగితే పెంచినవాళ్ళున్నారు.

శనివారం మధ్యాహ్నం నేనే మీ ఇంటికి వస్తా, లాప్‌టాప్ తెస్తా. ట్యాక్స్ కాగితాలు, డబ్ల్యూ-2లు, అందరి సోషల్ కార్డులు ఒక కవర్లో పెట్టి ఉంచమని చెల్లెమ్మకి చెప్పు, వాట్సాప్‌లో నాకు పంపొద్దు, నంబర్లుంటాయి. హారికని ఆ రోజు షిఫ్ట్ మార్చుకోమను. ముందు రెండు కాలేజీలకి క్యాలిక్యులేటర్ నింపుదాం, ఆ అంకెలు నీ కళ్ళతో నువ్వు చూశాక అప్పుడు లిస్టు రాద్దాం, క్వెస్ట్‌బ్రిడ్జ్ ఫామ్ కూడా అదే రోజు మొదలుపెట్టిద్దాం.

ఉంటా మరి,
నీ
రాజు