220లోంచి వయసు తీసేస్తే వచ్చేది అందరి గుండె లెక్క కాదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ ఆరోగ్య పేజీలో దూరపు పరుగు గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. కొత్తగా పరుగు మొదలుపెట్టేవారు గుండె కొట్టుకునే వేగాన్ని గమనించుకుంటూ సాధన చేయాలన్న సలహా మంచిదే. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, 63వ ఏట కూడా వారానికి నాలుగు రోజులు విశాఖ బీచ్ రోడ్డు మీద పరుగెత్తుతున్నవాడిగా ఆ సలహాను మనసారా సమర్థిస్తాను. నా అభ్యంతరమంతా ఆ వ్యాసం పక్కన గళ్లు కట్టి వేసిన పట్టిక గురించే. 220లోంచి మీ వయసు తీసివేయండి, వచ్చినదే నిమిషానికి ఇన్ని దెబ్బలని చెప్పే మీ గుండె గరిష్ఠ వేగం, అందులో 60 నుంచి 70 శాతం మధ్య పరుగెత్తండి, 85 శాతం దాటితే ప్రమాదం అని ఆ పట్టిక ఏ మినహాయింపూ లేకుండా చెప్పింది. వ్యాసం చదవనివారు కూడా పట్టికను కత్తిరించి బీరువా తలుపుకు అంటించుకుంటారు కనుక ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

ఆ సూత్రం పుట్టుక తెలిస్తే దానికి ఎంతవరకు విలువ ఇవ్వాలో తెలుస్తుంది. 1970 ప్రాంతంలో అమెరికాలో శామ్యూల్ ఫాక్స్, విలియం హాస్కెల్ అనే పరిశోధకులు, గుండె జబ్బుల నివారణకు వ్యాయామం ఏ మోతాదులో చేయించాలన్న చర్చలో భాగంగా, అప్పటికి అచ్చయి ఉన్న కొన్ని అధ్యయనాల అంకెలను దగ్గర పెట్టుకుని, వాటి మధ్యగా పోయే ఒక గీతను గుర్తించారు. ఆ గీతే 220 మైనస్ వయసు. పరుగు పందేలకు తయారయ్యేవారి కోసం దాన్ని ఎవరూ తయారుచేయలేదు. గుర్తుపెట్టుకోవడం తేలిక కావడంతో ఆసుపత్రుల నుంచి వ్యాయామశాలలకు, అక్కడి నుంచి చేతి వాచీల్లోకి వచ్చేసింది. 2001లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో హిరొఫూమి తనాకా బృందం 351 అధ్యయనాలను, 18 వేల మందికి పైగా మనుషుల కొలతలను కలిపి చూసి, వయసును 0.7తో గుణించి 208లోంచి తీసివేస్తే వాస్తవానికి మరింత దగ్గరగా ఉంటుందని తేల్చింది. 40 ఏళ్ల వ్యక్తికి రెండు లెక్కలూ 180 అనే చెబుతాయి. ఆ వయసు దాటిన కొద్దీ పాత సూత్రం మన గుండెను ఉన్నదానికంటే తక్కువ అంచనా వేస్తూ పోతుంది. అయితే కొత్త సూత్రం చెప్పేదీ సగటే. ఒకే వయసున్నవారిలో దాదాపు మూడోవంతు మంది అసలు గరిష్ఠ వేగం ఆ సగటుకు 10 దెబ్బలకు మించిన దూరంలో, పైనో కిందో ఉంటుంది. చెప్పుల దుకాణంలో ఊరందరి పాదాల సగటు కొలతతో ఒకే జత కుట్టి అమ్మితే ఎందరికి సరిపోతుందో ఈ పట్టికా అందరికీ అంతే సరిపోతుంది.

నా సంగతే చెబుతాను. మీ పట్టిక ప్రకారం నా గరిష్ఠ వేగం 157, తనాకా లెక్కలో 164. ముందుగా టీఎంటీ పరీక్ష (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ గుండె పనితీరు చూసేది) చేయించుకుని, డాక్టరు గారు పర్వాలేదన్న తరువాతే, కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎత్తును ఓపిక ఉన్నంత వేగంతో మూడుసార్లు ఎక్కి చూశాను. మూడోసారి పైకి చేరేసరికి, గుండె వేగం కొలవడానికి ఛాతీకి కట్టుకున్న పట్టీ 172 చూపించింది. పట్టిక మాటనే నమ్మి 157లో 70 శాతం, అంటే 110 దాటకుండా ఉండాలనుకుంటే నేను పరుగెత్తనే కూడదు, చేతులు ఊపుకుంటూ నడవాలి. ఆ లెక్కన 133 దగ్గరే 85 శాతమై నాకు ప్రమాద ఘంటిక మోగాలి. కానీ 133 దగ్గర నేను పక్కవారితో పింఛను బకాయిల గురించి హాయిగా మాట్లాడుకుంటూ వెళ్లగలను.

నాది ఒట్టి అసౌకర్యం. మా వీధిలో 24 ఏళ్ల అమ్మాయి ఒకరు పది కిలోమీటర్ల పరుగుకు తయారవుతూ ఉండగా, వాచీలో 196 (220లోంచి 24 తీసేస్తే వచ్చేది) దాటిన ప్రతిసారీ తెర ఎర్రబడి హెచ్చరిక వచ్చేది. ఇంట్లోవాళ్లు కంగారుపడి పరుగు మాన్పించారు. నాలుగు నెలల తరువాత గుండె వైద్యుల దగ్గర పరీక్ష చేయిస్తే గుండె నిక్షేపంగా ఉందని, ఆమె సహజ గరిష్ఠ వేగమే 206 అని తేలింది. ఆ నాలుగు నెలల సాధన పోయింది, ఆమెకు గుండె బలహీనమన్న మాట మాత్రం బంధువుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

మా బావగారి విషయం ఇంతకంటే బాధాకరం. ఆయనకు 66 ఏళ్లు, రక్తపోటుకు అటెనొలాల్ మాత్ర వేసుకుంటారు. ఈ జాతి మందులు, అంటే బీటా బ్లాకర్లు, గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి; వాటి పనే అది. ఇలాంటి పట్టికనే ఎక్కడో చూసి, తాను 154లో 70 శాతం, అంటే 108కి చేరాలని లెక్క వేసుకుని ఆయన బయలుదేరారు. ఎంత గట్టిగా అడుగులు వేసినా వాచీ 98 దగ్గరే ఆగిపోవడంతో, ఇంకా చాలడం లేదనుకుని వేగం పెంచారు, మళ్లీ పెంచారు. కాసేపటికి కళ్లు తిరిగి బీచ్ రోడ్డు పిట్టగోడ మీద కూలబడిపోతే, కొబ్బరిబోండాల బండి అతను వచ్చి పట్టుకున్నాడు. మీ పట్టికలో ఈ మాత్రలు వేసుకునేవారి ప్రస్తావన ఒక్క వాక్యమైనా లేదు. ఉదయం నడకకు, పరుగుకు వచ్చే పెద్దవారిలో రక్తపోటు మాత్రలు వేసుకునేవారు తక్కువేమీ కాదు.

మరి ఏం చేయాలని పాఠకులు అడుగుతారు. ఫిన్లాండుకు చెందిన మార్టి కార్వోనెన్ 1957లోనే ఇంతకంటే మెరుగైన దారి చూపించారు. గరిష్ఠ వేగంతోపాటు, తెల్లవారి నిద్రలేచి మంచం దిగకముందు లెక్కపెట్టిన విశ్రాంతి వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ రెంటి మధ్య ఉన్న తేడాయే మనం వాడుకోగల నిల్వ. నా విశ్రాంతి వేగం 54, గరిష్ఠం 172, నిల్వ 118. ఆ నిల్వలో 60 నుంచి 70 శాతాన్ని 54కు కలిపితే 125 నుంచి 137 వరకు వస్తుంది. నా తేలిక పరుగులన్నీ ఆ హద్దులోనే సాగుతాయి. పరుగుతో గుండె బలపడిన కొద్దీ విశ్రాంతి వేగం తగ్గుతుంది కనుక ఈ లెక్క మనిషితోపాటు మారుతూ ఉంటుంది. పొద్దున్నే చూసుకునే ఆ అంకెకు మరో ప్రయోజనం కూడా ఉంది. ఒకరోజు అది 66 చూపించినా లెక్కచేయకుండా పరుగుకు వెళ్లాను. సాయంత్రానికి 102 జ్వరం. అప్పటి నుంచి మామూలు కంటే ఏడెనిమిది దెబ్బలు ఎక్కువ ఉంటే ఆ రోజు ఇంట్లోనే ఉంటున్నాను.

గరిష్ఠ వేగం తెలియనివారు, ముఖ్యంగా నలభై దాటినవారు, దాన్ని తెలుసుకోవడానికి నాలాగా కొండ ఎక్కనవసరం లేదు. నా దగ్గరికి వచ్చేవారిని పరుగెత్తుతూ పదమూడో ఎక్కం పైకి చెప్పమంటాను. ఒక్కో వరుసను మధ్యలో ఊపిరి తెగకుండా చెప్పగలిగితే అది తేలిక పరుగు. పదమూడు ఆర్లు దగ్గరే రొప్పు వస్తే వేగం తగ్గించాలి. ఆ సమయంలో గుండె వేగం ఎంత ఉందో నాలుగైదు రోజులు రాసిపెట్టుకుంటే, ఏ సూత్రమూ లేకుండానే ఎవరి హద్దు వారికి దొరుకుతుంది. బీటా బ్లాకర్లు వాడేవారికి ఈ పద్ధతే మేలు.

వ్యాసంలో అసలు కనిపించనిది, మన వాతావరణంలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఉక్కపోత. విశాఖలో నేవీ మారథాన్ శీతాకాలంలో జరుగుతుంది కనుక దానికి తయారయ్యేవారు సుదీర్ఘమైన పరుగులన్నీ ఆగస్టు నుంచి అక్టోబరు లోపు చేయాలి. తెల్లవారుజామున 5 గంటలకు కోస్టల్ బ్యాటరీ దగ్గర బయలుదేరితే తెన్నేటి పార్కు చేరేసరికే బనియను పిండుకోవలసి వస్తుంది. గాలిలో తేమ నిండి ఉండడంతో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. లోపలి వేడిని బయటికి పంపడానికి శరీరం రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, చెమటతోపాటు రక్తంలోని నీరు తగ్గుతుంది, దాంతో ఒక్కో దెబ్బకు గుండె తోడే రక్తమూ తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె మరిన్ని సార్లు కొట్టుకోవలసి వస్తుంది. కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల వేగంతో పరుగెత్తితే జనవరిలో నా గుండె 128 దగ్గర ఉంటుంది. సెప్టెంబరులో అదే వేగానికి 139తో మొదలై, గంటంపావు గడిచేసరికి, అడుగు వేగం కాస్తయినా పెరగకుండానే, 151కి చేరుతుంది. అందుకే ఆ నెలల్లో నేను కిలోమీటరు సమయాన్ని చూడడం మానేసి గుండె వేగాన్నే చూస్తాను. చివరి అరగంటలో 10 దెబ్బలు పెరిగితే పర్వాలేదనుకుంటాను, అంతకు మించితే నీళ్లు తాగి నడుస్తాను. నిరుడు జనవరిలో చేసిన సమయాన్నే సెప్టెంబరులోనూ సాధించాలని పట్టుబట్టినవారు సగం పరుగులో కాళ్లు పట్టేసి ఆటోల్లో తిరిగి రావడం ఏటా చూస్తున్నాను.

చేతి వాచీలను గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాచీ అడుగున వెలిగే ఆకుపచ్చ దీపం చర్మం కింద రక్తం కదలికను కాంతి ద్వారా పసిగడుతుంది. పట్టీ వదులుగా ఉంటే, పరుగులో చేయి ఊగే లయను పట్టుకుని దాన్నే గుండె వేగంగా చూపించే అవకాశం ఉంది. ఒక ఉదయం నా వాచీ మొదటి పది నిమిషాలూ 172 దగ్గరే నిలిచిపోతే, ఆగి మెడ దగ్గర వేలు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టాను. 33 దెబ్బలు, అంటే నిమిషానికి 132. వాచీ లెక్కపెడుతున్నది నా అడుగులను. మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన బిగుతుగా కట్టుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. ఛాతీకి కట్టే పట్టీ గుండె విద్యుత్ సంకేతాలనే అందుకుంటుంది కనుక మరింత నమ్మకమైనది. అయితే కట్టుకునే ముందు దాని లోపలి వైపు నీళ్లతో తడపాలి.

ఖరీదైన సామగ్రి లేనివారు నిరాశపడవలసిన పని లేదు. 1930ల్లో జర్మనీలో వోల్డెమార్ గెర్ష్లర్ అనే శిక్షకుడు, హెర్బర్ట్ రైన్‌డెల్ అనే గుండె వైద్యుడితో కలిసి, ఒక్కో వేగపు పరుగు తరువాత అథ్లెట్ గుండె సుమారు 120కి దిగేదాకా ఆగి, అప్పుడే తరువాతి పరుగు మొదలుపెట్టించే పద్ధతిని రూపొందించారు. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో ముగించాడు. ఆ ప్రపంచ రికార్డు 1955 దాకా చెక్కుచెదరలేదు. చేతికి కట్టుకునే హార్ట్ రేటు యంత్రాలు మార్కెట్లోకి వచ్చింది 1980ల తొలినాళ్లలో. మా పాఠశాల పిల్లలకు నేను నేర్పింది కూడా గోడ గడియారం, మెడ మీద రెండు వేళ్లు, అంతే.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. ఆ పట్టికను మళ్లీ వేయవలసి వస్తే, అందులోని అంకెలు సగటులేనని, ఒక్కొక్కరికి పదిహేను ఇరవై దెబ్బలు అటూ ఇటూ ఉండవచ్చునని, రక్తపోటుకో గుండెకో మాత్రలు వాడేవారు వైద్యులను అడగకుండా ఆ అంకెలను అందుకోవాలని ప్రయత్నించవద్దని, ఛాతీలో నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఉంటే వాచీ ఏం చూపిస్తున్నా వెంటనే ఆగిపోవాలని, పట్టిక కిందే, పట్టికలో వాడిన సైజు అక్షరాలతోనే అచ్చువేయించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
విశాఖపట్నం.