మా ఇంటికి రాకుండానే మా ఫిర్యాదు మూసేశారు

కంపెనీ ఫిర్యాదుల అధికారి గారికి,

అయ్యా,

మీ ఆయిల్ హీటర్ పాడైందని డిసెంబర్ 9 నుంచి జనవరి 20 దాకా మీ కస్టమర్ కేర్‌కి పద్నాలుగు సార్లు ఫోన్ చేశాను. మా అల్లుడి చేత రెండు మెయిళ్లు పెట్టించాను. మీ మనిషి ఒక్కడూ మా గుమ్మం తొక్కలేదు. అయినా మీ రికార్డుల్లో నా ఫిర్యాదు మూడుసార్లు పరిష్కారమైపోయింది. వస్తువన్నాక పాడవుతుంది, దానికి నేను ఉత్తరం రాసేదాన్ని కాదు. చంటిపిల్ల ఉన్న ఇంటిని నలభై రోజులు పట్టించుకోకుండా వదిలేశారే, దానికి రాస్తున్నాను.

మా అమ్మాయి పురుటికి మా ఇంటికి వచ్చింది. 35 వారాలకే కాన్పయింది. పాప కిలో తొమ్మిది వందల గ్రాములు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు గది 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలన్నారు. ఇంత చిన్న పిల్లల ఒంట్లో కొవ్వు తక్కువ, చలేస్తే తాగిన పాలు ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే సరిపోతాయి, బరువు పెరగరు అని చెప్పారు. బాలింత గదిలో కుంపటి మాత్రం వద్దని మరీ మరీ చెప్పారు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకని మీ ఆయిల్ హీటర్‌ని మీ వెబ్‌సైట్‌లోనే కొన్నాం. మూడు రాత్రులు పనిచేసింది. నాలుగో రాత్రి లైటు వెలిగింది, వేడి రాలేదు. హీటర్ సంగతి అంతే, మిగతాదంతా మీ సంగతి.

మొదటి రోజు ఒకటి నొక్కండి, మూడు నొక్కండి అంటూ ఇరవై నిమిషాలు పాట వినిపించారు. చివరికి ఒకబ్బాయి లైన్లోకి వచ్చి, ప్లగ్ తీసి పది నిమిషాలాగి పెట్టండి అన్నాడు. పెట్టి చూసేలోపే ఫిర్యాదు ముగిసిందని మెసేజ్ వచ్చింది. మళ్లీ చేస్తే ఒకమ్మాయి, "వైజాగ్‌లో హీటరెందుకు మేడమ్, అక్కడ ఎప్పుడూ ఉక్కపోతే కదా" అంది. అమ్మా, బీచ్ పక్కన అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకి అలాగే ఉంటుందేమో. మాది అడవివరం, సింహాచలం కొండ కింద. డిసెంబర్‌లో అర్ధరాత్రి దాటితే కొండగాలి కిటికీ సందుల్లోంచి కోస్తుంది. గోడకి తగిలించిన థర్మామీటర్‌లో 19 చూశాను. మీకూ నాకూ ఆ చలి హాయిగానే ఉంటుంది. రెండు కిలోలైనా లేని పిల్లకి ఉండదు. ఇదంతా ఓపిగ్గా చెప్పాను. ఆ అమ్మాయి విని, "ఇంకేమైనా సహాయం కావాలా" అని అడిగింది. అసలు చేసిన సహాయం ఏమిటని నేనడిగితే లైన్ కట్ అయింది.

డిసెంబర్ 13న టెక్నీషియన్ ఫోన్ చేశాడు. నా ప్రాణం లేచి వచ్చింది. "దారిలో ఉన్నానమ్మా, మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, చెప్పండి" అన్నాడు. చెప్పాను. నమ్మబట్టే చెప్పాను. రెండు నిమిషాల్లో పని పూర్తయిందని మెసేజ్, వెనకాలే మా సేవకి ఐదుకి ఎన్ని మార్కులు ఇస్తారని ఇంకోటి. ఆ అబ్బాయి మళ్లీ ఫోన్ ఎత్తలేదు. 18న మూడోసారి. ఇంటికి తాళం వేసి ఉంది కాబట్టి ఫిర్యాదు మూసేశామన్నారు. పచ్చి బాలింతా నెల బిడ్డా ఉన్న ఇంటికి తాళం వేసి ఎక్కడికి పోతాం? ఆ రోజు నేను వరండాలో కూర్చుని పాప గుడ్డలు మడతపెడుతూ గేటు వైపే చూస్తున్నాను. ఈ అబద్ధం నాకు హీటర్ కంటే ఎక్కువ మండింది.

ఆ తర్వాత సూపర్‌వైజర్ గారట, పార్టు గోడౌన్ నుంచి రావాలన్నారు. ఎన్నాళ్లు పడుతుందంటే సిస్టమ్‌లో చూపించట్లేదన్నారు. వారానికోసారి అదే మాట, గొంతు మాత్రం కొత్తది. ప్రతిసారీ పాప బరువు దగ్గర్నుంచి మొదలుపెట్టి నేనే చెప్పుకోవాలి. పద్నాలుగు సార్లు చెప్పాను. పాప ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు.

అడగలేదు కాబట్టి నేనే చెప్తాను. ఆసుపత్రిలో నర్సులు నేర్పిన కంగారూ పద్ధతే మమ్మల్ని ఒడ్డున పడేసింది. పాపకి టోపీ, సాక్సులు తొడిగి, తల్లి గుండెలకి నేరుగా ఆనించి, పైన దుప్పటి చుట్టేవాళ్లం. అమ్మాయికి కునుకు పడితే నేను తీసుకునేదాన్ని. నాకు అరవై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. తెల్లవారుజామున మూడింటికి కుర్చీలో వెనక్కి వాలి, ఆ పిల్ల ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఎన్ని రాత్రులు కూర్చున్నానో మీ సిస్టమ్‌లో చూపించదు. కిటికీ సందుల్లో మావారి పాత శాలువాలు కుక్కాం. మా ఆడపడుచు కుంపటి పెడదామని రోజూ పోరేది. ఒప్పుకోలేదని ఆవిడతో మాటలు కూడా పడ్డాను.

మీ ఫ్యాన్ మా ఇంట్లోకి 1994లో వచ్చింది. స్టీల్ ప్లాంట్ క్వార్టర్‌లో చేరినప్పుడు మావారు జీతంలోంచి దాచి కొన్నారు. తర్వాత మిక్సీ, గీజర్, అమ్మాయి పెళ్లికి పెట్టిన సామానూ అన్నీ మీవే. 2014లో హుద్‌హుద్ తుఫానుకి మా వరండా రేకులు ఎగిరిపోయాయి. రోజుల తరబడి చీకట్లో ఉండి, కరెంటు వచ్చాక స్విచ్ వేస్తే మీ ఫ్యాన్ తిరిగింది. వీధిలో అందరికీ ఆ మాట చెప్పుకున్నాను. ముప్పై ఏళ్లు మీ పేరు నా నోటితో మోశాను. నా ఇంట్లో కష్టమొస్తే మీ దగ్గర నేనొక ఫిర్యాదు నంబర్‌నా?

చదువుకున్న అల్లుడు ఉన్నాడు కాబట్టి చెప్తున్నాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. మీరు రెండూ చేయలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాం. విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాం. ఐదు లక్షల లోపు వస్తువుకి అక్కడ ఫీజు కూడా లేదు. ఆ మూడు మెసేజ్‌లూ, ఓటీపీ అడిగిన రోజు కాల్ వివరాలూ దాచి ఉంచాం. డబ్బు వెనక్కిస్తారో, హీటర్ మారుస్తారో మీ ఇష్టం. నాకు కావలసింది, మీలో ఒకరు తన పేరు చెప్పి ఫోన్ చేసి, 18న మా ఇంటికి తాళం ఉందని ఎవరు రాశారో చెప్పడం. మా అమ్మాయికి క్షమాపణ చెప్పడం. వారంలో ఆ ఫోన్ రాకపోతే కమిషన్‌లోనే కలుద్దాం.

సంక్రాంతి వెళ్లిపోయింది. పాప మూడు కిలోలు దాటింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, ఆ తర్వాత మీ హీటర్‌తో మాకు పనుండదు. అయినా ఈ ఫిర్యాదు నేను మూయను. మధ్యాహ్నం రెండు తర్వాత ఫోన్ చేయండి, అప్పుడు పాప పడుకుంటుంది. ఈసారి మీ మనిషి మా వరండాలోకి వచ్చి నిలబడేదాకా ఓటీపీ చెప్పను.

ఇట్లు,
పాప అమ్మమ్మ,
అడవివరం, విశాఖపట్నం