ఆదివారం నడక గురించి

అందరికీ నమస్కారం. ఈసారి తిరుమల కొండకు శ్రీవారి మెట్టు దారిలో ఎక్కుదాం. అలిపిరి దారిలో 3550 మెట్లు, ఇక్కడ 2388 మాత్రమే. కానీ నిటారుగా ఉంటాయి, తొందరపడొద్దు. దిగేటప్పుడే మోకాళ్ల మీద భారం ఎక్కువ, కాబట్టి కిందికి బస్సులో వద్దాం.

ముందురోజు రాత్రి పరోటాలు మానండి. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) చాలు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ముద్ద చిన్నది చేసుకోండి.

చర్మానికి నిమ్మరసం రాసుకోమని మొన్న ఒకరు ఇక్కడ పెట్టిన చిట్కా దయచేసి పాటించకండి. అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి మచ్చలు పడతాయి. నాకు పడ్డాయి, మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది! పెసరపిండిలో పెరుగు కలిపి వాడండి, అదీ ముందు మోచేతి లోపల రాసి చూసుకుని.

వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోగా ఇక్కడ చెప్పండి.